కోడి అరికాలిలో పుండు: బ్లేడు తీసే ముందు అది పడుకునే కర్ర చూడండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. బెంగళూరులో వర్తూరు దగ్గర ఇల్లు, ఇంటి వెనక ఆరు కోళ్లు. వాటిలో బాగా బరువున్న గిరిరాజ జాతి పెట్ట వారం రోజులుగా ఎడమ కాలు ఆనించీ ఆనించకుండా నడుస్తోంది. ఎత్తి చూస్తే అరికాలి మధ్యలో మిరియపు గింజంత నల్లటి పక్కు, దాని చుట్టూ బఠాణీ అంత వాపు. మేత తింటోంది, గుడ్డూ పెడుతోంది. ఇంట్లోనే బ్లేడుతో కోసి లోపలి గడ్డను తీసేసే వీడియో ఒకటి చూశారు. అలా మీరూ చేయవచ్చా, ఏ యాంటీబయాటిక్ వాడాలి, ఈలోగా గుడ్లు తినవచ్చా అన్నవి మీ సందేహాలు.

ఇప్పుడు కోయకండి. యాంటీబయాటిక్ కూడా సొంతంగా మొదలుపెట్టకండి. మీరు చెప్పిన దశలో ఉన్న పాదం చాలా వరకు నానబెట్టడం, శుభ్రం చేయడం, మెత్తగా కట్టు కట్టడంతోనే రెండు మూడు వారాల్లో దారికి వస్తుంది. కానీ ఒక షరతు ఉంది. ఆ కోడి రాత్రి ఎక్కడ పడుకుంటోంది, పొద్దున ఎక్కడికి దూకుతోంది అన్నది మార్చాలి. అది మార్చకపోతే మీరు ఎంత బాగా కట్టు కట్టినా మళ్లీ వస్తుంది. యాంటీబయాటిక్ వంటి మందు ఏ కొంచెమూ వాడకపోతే గుడ్లు బాగా ఉడికించి తినవచ్చు. వాడితే సంగతి వేరు, కింద చెబుతాను.

నేను డాక్టరును కాను. మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డాను. కృష్ణరాజపురం దాటాక ఉన్న మా ఇంటి వెనక పద్దెనిమిదేళ్లుగా కోళ్లు పెంచుతున్నాను. ఎనిమిదికి తగ్గలేదు, ముప్పై దాటలేదు. ఈ కాలి పుండ్లు ఎన్ని చూశానో లెక్క పెట్టలేదు కానీ, మొదటిదాన్ని మాత్రం మరచిపోలేదు. ఎందుకంటే దాన్ని నేనే పాడుచేశాను.

అది ఎర్రటి గిరిరాజ పెట్ట. మీ కోడికి ఉన్నట్టే నల్లటి పక్కు, చిన్న వాపు. మనకు సెగగడ్డ వస్తే పండాక నొక్కితే చీము కారిపోతుంది కదా, ఇదీ అంతే అనుకున్నాను. కొత్త బ్లేడు వేడినీళ్లలో కడిగి పక్కును లేపి రెండు వైపుల నుంచి నొక్కాను. చీము రాలేదు. రక్తం వచ్చింది. ఇంకా గట్టిగా నొక్కాను. పది రోజులకు పాదం పైభాగం, వేళ్ల మధ్య ఉబ్బింది. తర్వాత వాపు మడమ కీలు దాకా ఎక్కింది. ఆపైన తినడం మానేసింది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేసరికి ఆయన చేయగలిగిందేమీ మిగల్లేదు.

నేను చేసిన తప్పేమిటో ఆయనే చెప్పారు. కోడికి చీము కారదు. మన తెల్ల రక్తకణాల్లో చీమును పలుచన చేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. కోడి ఒంట్లో అదే పని చేసే కణాలను హెటెరోఫిల్స్ అంటారు, వాటిలో ఆ ఎంజైమ్ లేదు. అందుకని చీము ద్రవంగా మారకుండా జున్నుముక్కలా, ఆరిన శనగపిండి ముద్దలా గట్టిపడుతుంది. దాన్ని నొక్కితే బయటికి రాదు, లోపలికి పోతుంది. అరికాలి మెత్త కిందే వేళ్లను ముడిచే స్నాయువులు ఉంటాయి. వాటి వెంబడి రోగం పైకి పాకిందంటే ఇక కీలు, ఎముక. నేను పక్కును నొక్కిన ప్రతిసారీ సూక్ష్మజీవులను ఆ దారిలో తోశానన్న మాట.

డాక్టర్లు దీన్ని బంబుల్‌ఫుట్ అంటారు. మా ఊళ్లో పెద్దవాళ్లు కోడికి ఆనె పట్టింది అనేవారు. నాకు ఆ మాటే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అందులో కారణం కూడా ఉంది. మన అరికాలిలో ఆనెకాయ ఎందుకు వస్తుంది? ఒకే చోట ఒత్తిడి పడుతూ ఉంటే వస్తుంది. కోడికీ మొదలయ్యేది అలాగే. ఒత్తిడి పడిన చోట చర్మం ముందు నునుపెక్కి మెరుస్తుంది, పాదం మీద ఉండే చిన్న చిన్న బొడిపెలు అణగిపోతాయి. తర్వాత అక్కడ పగులు వస్తుంది. ఆ పగుల్లోంచి స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా దూరుతుంది. ఇది ఎక్కడి నుంచో రానవసరం లేదు, కోడి చర్మం మీదా మన చేతుల మీదా మామూలుగానే ఉంటుంది. కొన్నిసార్లు ఇ.కోలై వంటివీ చేరతాయి. బాక్టీరియా చేసేది రెండో పని. మొదటి పని చేసింది నేల, కర్ర, బరువు.

ఇప్పుడు వైద్యం. నేను చేసే పద్ధతి ఇది.

ముందుగా కోడిని వేరు చేయండి. పెద్ద అట్టపెట్టె గానీ గంప గానీ చాలు, అడుగున నాలుగు వేళ్ల మందాన పొడి ఊక. అందులో ఎక్కడానికీ దూకడానికీ ఏమీ ఉండకూడదు. మిగతా కోళ్లు కనబడేలా పెడితే దిగులు పడదు, తిరిగి కలిపినప్పుడు పొడుచుకోవడం కూడా తక్కువగా ఉంటుంది.

చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఇది మొక్కుబడిగా చెప్పడం లేదు. ఈ స్టాఫ్ బాక్టీరియా మన చర్మానికీ అంటుతుంది. చేతి మీద కోత ఉన్నవాళ్లు, మధుమేహం ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉంటే మంచిది. కూరగాయలు కడిగే సింకులో కోడి కాలు కడగకండి. ఒక పాత బేసిన్ దీనికే కేటాయించండి.

గోరువెచ్చని నీళ్లు రెండు లీటర్లు, అందులో ఎప్సమ్ సాల్ట్ రెండు మూడు పెద్ద చెంచాలు. మెడికల్ షాపులో మెగ్నీషియం సల్ఫేట్ అని అడిగినా ఇస్తారు. నీళ్లలో మీ మణికట్టు పెట్టి చూడండి, పసిబిడ్డకు పోసే నీళ్లంత వేడి చాలు. కోడిని అందులో నిలబెట్టి పది పదిహేను నిమిషాలు ఉంచండి. పాత తువ్వాలు కప్పి కళ్లు మూస్తే గొడవ చేయకుండా నిలబడుతుంది, కొన్ని అక్కడే కునుకు తీస్తాయి. ఆ నీళ్లు తాగనివ్వకండి, తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. రోజుకు ఒకసారి, వీలైతే రెండుసార్లు.

తర్వాత శుభ్రమైన గుడ్డతో తడి పూర్తిగా అద్దండి. పోవిడోన్ అయోడిన్ ద్రావణాన్ని నీళ్లలో కలిపి లేత టీ రంగుకు తెచ్చి పాదమంతా కడగండి. పక్కు దానంతట అదే మెత్తబడి, తువ్వాలుతో తుడుస్తున్నప్పుడు ఊడి వస్తే రానివ్వండి. దానితో పాటు గట్టి ముద్ద కూడా వేరులా వచ్చేస్తే మీ అదృష్టం. రాకపోతే గోరు పెట్టి లాగకండి. ఇక్కడ ఓపిక పట్టడమే కష్టం, నాకు తెలుసు. రోజూ నానబెట్టి రోజూ చూస్తుంటే ఇక లాగేద్దాం అనిపిస్తుంది.

ఆపైన పుండు మీద పలుచగా పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్. నొప్పి తెలియకుండా చేసే మందు కలిసిన ఆయింట్‌మెంట్లు మాత్రం వద్దు. బెంజోకెయిన్, లిగ్నోకెయిన్ వంటి పేర్లు ట్యూబు మీద ఉంటే పక్కన పెట్టండి, చిన్న పక్షికి మోతాదు కొంచెం ఎక్కువైనా ప్రమాదం. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగలు కక్కుతుంటే పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది కానీ, రోజూ పోస్తే కొత్తగా పుడుతున్న కణజాలాన్ని కూడా తినేస్తుంది. పసుపు, కొబ్బరినూనె గురించి చాలామంది అడుగుతారు. పైపై గీతలకు నాకు అభ్యంతరం లేదు. కోడి అరికాలి చర్మం మందం, అడుగున ముద్ద కట్టిన పుండుకు అది అందదు. పైగా నూనె ఉన్న పాదానికి ఊకా రెట్టా అంటుకుని కొత్త పూత తయారవుతుంది.

కట్టు కట్టడమే అసలు విద్య. గాజుగుడ్డను చిన్న చుట్టలా, మధ్యలో ఖాళీ ఉండేలా చేయండి. నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్టకుదురు చూశారా, అచ్చం అలా. ఆ ఖాళీలో పుండు వచ్చేలా పెడితే కోడి కాలు ఆనించినప్పుడు బరువు చుట్టూ పడుతుంది, పుండు మీద పడదు. దానిపైన తనకు తాను అంటుకునే సాగే పట్టీని వేళ్ల మధ్యనుంచి తిప్పుతూ, కాలి మీదకు ఒకటి రెండు చుట్లు. ఈకలకు అంటుకునే మామూలు ప్లాస్టరు వద్దు. బిగువు కావద్దు. కట్టాక అరగంట ఆగి వేళ్లు ముట్టుకుని చూడండి, రెండో కాలి వేళ్లంత వెచ్చగా ఉండాలి. చల్లబడినా, ఉబ్బినా, నల్లబడినా వెంటనే విప్పండి. మొదటి వారం రోజూ మార్చండి, తర్వాత రెండు రోజులకు ఒకసారి. తడిసిన కట్టును మాత్రం ఒక్క గంట కూడా ఉంచకండి, కట్టు లేకపోవడం కన్నా అది చేటు.

కోడిని పట్టుకునే విషయంలో ఒక మాట. వెల్లకిలా వేసి రొమ్ము మీద చెయ్యి నొక్కి పట్టుకునేవాళ్లను చూశాను. కోడికి మనకున్నట్టు డయాఫ్రం లేదు, రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి ఆడుతుంది. అక్కడ నొక్కితే ఊపిరాడక చేతుల్లోనే పోతుంది. తువ్వాలులో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుని కాలు మాత్రం బయటికి తీయండి. ఇంకొకరు కట్టు కట్టాలి. ఒక్కరే చేయాలనుకుంటే మీ చొక్కాను మరచిపోండి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు? పదిరోజులు ఇలా చేశాక వాపు తగ్గకపోతే. అంతకు ముందే అయినా వాపు అరికాలు దాటి వేళ్ల మధ్య పైకి కనిపిస్తే, పాదం వేడిగా ఉంటే, మడమ కీలు ఉబ్బితే, కాలు అసలే ఆనించకపోతే, మేత మానేస్తే అదే రోజు వెళ్లండి. ముద్ద తీయాల్సి వస్తే అది ఆయన చేయాలి. మత్తు ఇచ్చి, రక్తం ఆపడానికి కాలికి కట్టు బిగించి, స్నాయువు తెగకుండా చుట్టూ విడదీసి ముద్ద మొత్తం తీయాలి. సగం తీసి సగం వదిలితే మళ్లీ పెరుగుతుంది. వంటగది బల్ల మీద మనం చేసే పని కాదు. బ్లేడు కింద ఉన్నది నొప్పి తెలిసే ప్రాణి అన్నది వీడియోలో చెప్పరు. కోడి కదలకుండా పడి ఉంది కాబట్టి నొప్పి లేదనుకోకండి, భయంతో బిగుసుకుపోయినా అలాగే ఉంటుంది.

మన ఊళ్లో వీధివీధికీ పశువైద్య క్లినిక్‌లు ఉన్నా, చాలావాటిలో కుక్కలూ పిల్లులే. వెళ్లే ముందు ఫోను చేసి కోళ్లను చూస్తారా అని అడగండి. నేను హెబ్బాళలోని వెటర్నరీ కళాశాల ఆసుపత్రికి తీసుకెళతాను. మీ పెట్టకు అది ఒక రకంగా పుట్టిల్లు, గిరిరాజను రూపొందించింది అక్కడే. ఆటోలో గంప పెట్టుకుని వెళ్తే డ్రైవరు ఆదివారం కూరకా అని అడుగుతాడు. కాలికి ఆపరేషన్ అని చెబితే అద్దంలోంచి మీ ముఖం చూస్తాడు. అలవాటు చేసుకోండి.

యాంటీబయాటిక్ సంగతి. పశువుల మందుల షాపులో ఎన్రోఫ్లాక్సాసిన్ సీసా చేతిలో పెట్టి నీళ్లలో కలపమంటారు. ఎందుకు వద్దంటానంటే, గట్టి గోడ కట్టుకున్న ముద్దలోకి మందు సరిగా చేరదు. నీళ్లలో కలిపితే జబ్బు కోడి తక్కువ తాగుతుంది, ఆరోగ్యంగా ఉన్న ఐదూ ఎక్కువ తాగుతాయి. వాటి గుడ్లలోకి మందు వస్తుంది. మీ ఇంట్లో పిల్లలు ఆ గుడ్లు తింటారు. కోళ్ల మేతల్లో విచ్చలవిడిగా వాడిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కేంద్రం 2019లో ఆహారం కోసం పెంచే జీవాలకు పూర్తిగా నిషేధించింది ఇలాంటి భయంతోనే, మనుషులకు చివరి ఆయుధంగా మిగిలిన మందు అది. మీ డాక్టరు కాలు చూసి, వీలైతే ముద్దలోంచి నమూనా పరీక్షకు పంపి, ఏ మందు ఎన్ని రోజులో రాసిస్తే తప్పకుండా వాడండి, మధ్యలో ఆపకండి. ఆ రోజులూ, ఆ తర్వాత ఆయన చెప్పినన్ని రోజులూ ఆ కోడి గుడ్లు తినకండి, ఎవరికీ ఇవ్వకండి. ఎన్ని రోజులన్నది మందును బట్టి మారుతుంది కాబట్టి అడిగి రాయించుకోండి.

నొప్పికి ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి. ముఖ్యంగా డైక్లోఫెనాక్. పశువులకు ఆ మందు వేయడం, చచ్చిన పశువును రాబందులు తినడం, వాటి మూత్రపిండాలు పాడై కుప్పలుగా చావడం మీరు చదివే ఉంటారు. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. కోడి కూడా పక్షే. దాని మూత్రపిండాలకూ అది విషమే.

ఇక కారణం దగ్గరకు వద్దాం, నేను ఎక్కువ చెప్పదలచుకున్నది ఇక్కడే.

మా దగ్గర ఒక పుంజు ఉండేది, నాలుగు కిలోలకు పైనే. ఎడమ కాలికి పుండు. నానబెట్టాను, కట్టాను, మూడు వారాల్లో తగ్గింది. రెండు నెలలకు అదే కాలికి, అదే చోట. మళ్లీ తగ్గించాను. మళ్లీ వచ్చింది. ఈసారి హెబ్బాళ తీసుకెళితే శనగగింజంత ముద్ద తీశారు, మానడానికి నెల దాటింది. అప్పుడు ఆ డాక్టరమ్మ అడిగారు, ఇది తెల్లవారి ఎక్కడ దిగుతుంది అని. నాకు తెలియదు. మూడుసార్లు కాలు చూశాను గానీ కోడిని చూడలేదు.

మర్నాడు ఐదున్నరకే లేచి వెనక మెట్ల మీద కూర్చున్నాను. గూట్లో ఐదడుగుల ఎత్తున రెండు కర్రలు కట్టి ఉంచాను, కోళ్లకు ఎత్తు ఇష్టమని. పుంజు ఎప్పుడూ పై కర్ర చివర పడుకుంటుంది. వెలుగు రాగానే రెక్కలు కొట్టి, తలుపులోంచి నేరుగా బట్టలు ఉతికే కడప బండ మీదకు దూకింది. బండ కాస్త వాలుగా ఉంటుంది, ఎడమ కాలు ముందు తగులుతుంది. నాలుగు కిలోల బరువు, ఐదడుగుల ఎత్తు, రోజూ అదే రాయి. ఆ సాయంత్రమే కర్రలను అడుగున్నరకు దించాను, బండ ముందు పాత గోనెసంచులు పరిచి మీద ఊక పోశాను. ఆ పుంజు ఇంకో నాలుగేళ్లు బతికింది. కాలికి మళ్లీ ఏమీ కాలేదు.

అందుకని మీ గూట్లో చూడాల్సినవి.

కర్ర ఎత్తు బరువు కోళ్లకు అడుగున్నర, మహా అయితే రెండడుగులు. నాటుకోళ్లు, కడక్‌నాథ్‌లు తేలికగా ఉంటాయి, చెట్టెక్కి పడుకున్నా వాటికి ఫరవాలేదు. గిరిరాజ, వనరాజా వంటివి అలా కాదు, వాటికి మాంసం పెరిగినంతగా రెక్కల బలం పెరగలేదు. కర్ర రెండున్నర మూడు అంగుళాల వెడల్పు ఉండి, పై భాగం చదునుగా, అంచులు గుండ్రంగా రుద్ది ఉండాలి. బెంగళూరులో ఎక్కువమంది చేసే తప్పు, ఇల్లు కట్టాక మిగిలిన వాటితో గూడు కట్టడం. ప్లాస్టిక్ పైపు జారుతుంది, పడకుండా ఉండటానికి కోడి రాత్రంతా వేళ్లు బిగిస్తుంది. ఇనుప కడ్డీ సన్నం, బరువంతా ఒకే గీత మీద పడుతుంది. సెంట్రింగుకు వాడిన సరుగుడు కర్రల్లో మేకులూ పేళ్లూ ఉంటాయి. వెదురైతే కణుపులు చెక్కాలి. చెయ్యి ఒకసారి గట్టిగా ఆ చివర నుంచి ఈ చివరకు రాయండి. మీ చేతికి గుచ్చుకున్నది దాని కాలికీ గుచ్చుకుంటుంది.

రెండోది నేల. వర్తూరు వైపు ఖాళీ సైట్లన్నీ ఎవరో ఒకరి ఇంటి శిథిలాలతో నింపినవే. కోళ్లను పక్క సైటులోకి వదులుతుంటే ఒకసారి మీరే చెప్పులు లేకుండా నడిచి చూడండి. టైలు ముక్కలు, గాజు పెంకులు, కంకర, తీగ ముక్కలు. మేము ఒక ఆదివారం అయస్కాంతం తాడుకు కట్టి ఈడిస్తే పెరట్లోనే డబ్బాడు మేకులు వచ్చాయి. గూట్లో ఇనుప జాలీ మీదే కోళ్లు నిలబడేలా ఉంటే దాని మీద పలక వేయండి.

మూడోది తడి. మనకు సెప్టెంబరు, అక్టోబరు వానల్లోనే ఈ కేసులు ఎక్కువ. తడి ఊకలో నిలబడిన పాదం మన వేళ్లు నీళ్లలో నానినట్టు నానుతుంది, చిన్న రాయి చాలు చీరుకుపోవడానికి. రెట్టలోంచి వచ్చే అమ్మోనియా చర్మాన్ని కొరుకుతుంది. గూట్లో ఊక గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదలండి. పొడిగా రాలిపోతే మంచిది. ఉండలా నిలిస్తే మార్చాలి. కొబ్బరిపీచు పొట్టు చవకగా వస్తోందని వేయకండి, అది నీళ్లను పట్టి ఉంచడానికే పుట్టింది. రెండు మూడు అంగుళాల ఊక వేసి వారానికి రెండుసార్లు తిరగేయండి. సున్నం చల్లాలనుకుంటే పూర్తిగా చల్లారిన పొడి సున్నమే, అదీ కొంచెంగా ఊకలో బాగా కలిపి. రాతి సున్నం తడి పాదాన్ని కాలుస్తుంది.

నాలుగోది కంచం. మీ పెట్ట బరువెంతో మీరు రాయలేదు. అపార్టుమెంటు ఇరుగుపొరుగులంతా ప్రేమగా మిగిలిన అన్నం, ఇడ్లీ, చపాతీ తెచ్చి వేస్తుంటే మూడున్నర కిలోలకు తక్కువ ఉండదు. బరువుకు తోడు ఆ మేతలో విటమిన్ ఎ ఉండదు. నూకల్లో లేదు, రాగుల్లోనూ చెప్పుకోదగ్గంత లేదు. విటమిన్ ఎ తగ్గితే చర్మం పొరలు బలహీనపడి పాదం త్వరగా పగులుతుంది. లేయర్ మేత, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం అమ్మే మేత ప్రధానంగా పెట్టి, మీద రోజూ గుప్పెడు మునగాకు గానీ తోటకూర గానీ వేయండి. మునగచెట్టు లేని వీధి మన ఊళ్లో లేదు. అన్నం వేయాలనిపిస్తే సాయంత్రం ఒక్క పిడికెడు, ఆరింటికీ కలిపి.

కుంటిన ప్రతి కోడికీ ఇదే జబ్బు అనుకోవద్దు. అరికాలిలో నల్ల పక్కు ఉందన్నారు కాబట్టి మీది ఇదే అనిపిస్తోంది, అయినా రెండు కాళ్లూ పూర్తిగా తడిమి చూడండి. కొన్నిసార్లు వేళ్ల మొదట్లో సన్నటి దారం గానీ వెంట్రుక గానీ చుట్టుకుని ఉంటుంది. ఊడ్చిన చెత్తలో కోళ్లు తిరిగే ఇళ్లలో ఇది చాలా మామూలు. దారం చర్మంలోకి దిగిపోయి కనబడదు, వేలు మాత్రం ఉబ్బి నల్లబడుతుంది. చెన్నైలో మా చిన్నమ్మ ఇంట్లో ఒక పెట్టకు గాలిపటం మాంజా ఇలాగే చుట్టుకుని వేలు రాలిపోయింది. ఆ ఇంట్లోనే మరో ఏడాది మే నెలలో నాలుగు కోళ్లు ఒకేసారి కుంటడం మొదలుపెట్టాయి. అంటురోగం అనుకుని కంగారుగా ఫోను చేశారు. మధ్యాహ్నం మేడ మీద వదిలారు, సిమెంటు నేల పెనంలా కాలి నాలుగింటి అరికాళ్లూ బొబ్బలెక్కాయి. వాటికి కావలసింది చల్లటి నీళ్లు, నీడ.

కాలి పొలుసులు లేచి, మధ్యలో తెల్లటి పొడి పేరుకుని, కాలు లావుగా కనిపిస్తే అది పొలుసుల కింద దూరే పురుగు పని. ఆ పొలుసుల మీద వాజెలిన్ మందంగా పట్టించి గాలి ఆడకుండా చేస్తే చాలావరకు తగ్గుతుంది, గూడు కర్రల పగుళ్లు కూడా శుభ్రం చేయాలి. కీళ్ల దగ్గర తెల్లటి సున్నంలాంటి గడ్డలైతే గౌటు, మూత్రపిండాల సమస్య. గుడ్లు పెట్టని పిల్లలకూ పుంజులకూ సున్నం ఎక్కువున్న లేయర్ మేతే పెడుతూ పోతే అది వచ్చే అవకాశం ఎక్కువ. రెండు కాళ్ల కీళ్లూ పాదాలూ ఒకేసారి వేడిగా ఉబ్బితే మైకోప్లాస్మా అనే బాక్టీరియా జబ్బు కావచ్చు. చిన్న వయసు కోడి ఒక కాలు ముందుకూ ఒకటి వెనక్కూ చాచి పడిపోతే మారెక్స్ అనే వైరస్ జబ్బు. ఈ చివరి మూడింటికీ బేసిన్‌లో ఉప్పు నీళ్లు పనికిరావు, డాక్టరే చూడాలి.

పక్కింటివాళ్లు కోసుకుని తినేయండి అన్నారని కూడా రాశారు. కాలిలో చిన్న పుండు ఉన్నంత మాత్రాన తినడానికి పనికిరాదని కాదు. మందులు వాడుతున్న కోడినీ, జ్వరంతో ముడుచుకున్న కోడినీ మాత్రం తినకూడదు. మీ పెట్టకు ఆ అవసరం లేదు, అది గుడ్డు పెడుతోంది, మేత తింటోంది, వాపు బఠాణీ అంతే.

ఈ రాత్రికి దాన్ని పెట్టెలోకి మార్చి ఒకసారి నానబెట్టండి. రేపు వంటింటి త్రాసు మీద బరువు చూడండి. మిగతా ఐదింటి అరికాళ్లు కూడా తిప్పి చూడండి, అదే గూడు కాబట్టి ఇంకో దానికి మెరిసే నునుపు కనిపించినా ఆశ్చర్యం లేదు. తర్వాత నాకు కాలి ఫొటో కన్నా ముందు గూటి ఫొటో పెట్టండి. కర్ర ఎంత ఎత్తున ఉందో, దాని కింద ఏముందో కనబడేలా తీయండి.